స్టాంపు కన్నా ముందు పుట్టిన బొమ్మ: ఒరిజినల్ ఆర్ట్‌వర్క్, తొలి స్కెచ్‌ల సేకరణకు సమగ్ర మార్గదర్శి

అచ్చయిన స్టాంపులు లక్షల్లో ఉంటాయి. వాటికోసం ఆర్టిస్టు చేత్తో గీసిన బొమ్మ మాత్రం ఒక్కటే. అది కూడా చాలాసార్లు ప్రభుత్వ ఫైల్లోనే ఉండిపోతుంది, లేదా ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు పోతుంది. అందుకే స్టాంపుల సేకరణలో ఇంత కష్టమైన విభాగం మరొకటి లేదంటాను. కష్టమైనా హైదరాబాద్‌లో కూర్చుని చేయగలిగిన పనే.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. బొమ్మ ఎంత అందంగా ఉందన్నది రెండో మాట. అది ఏ స్టాంపు కోసం గీశారు, ఏ దశలో గీశారు, ఎవరెవరి చేతులు మారి మీ దాకా వచ్చింది అన్నవి తేలాలి. ఈ మూడూ తేలని బొమ్మను, ఎంత బాగున్నా, స్టాంపు ఆర్ట్‌వర్క్ ధర పెట్టి కొనకండి.

మొదటి అడుగు: ఏ కాగితం ఏ దశదో గుర్తుపట్టడం

స్టాంపు డిజైన్ ఒక్కసారిగా తయారుకాదు. ముందు ఆర్టిస్టు పెన్సిల్‌తో చిన్న చిన్న గళ్లలో నాలుగైదు ఆలోచనలు గీసుకుంటాడు. అందులో ఒకటి రెండు ఎంచుకుని కాస్త పెద్దగా రఫ్ స్కెచ్ వేస్తాడు. తర్వాత కలర్ రఫ్. అది ఓకే అయ్యాక ఫైనల్ ఆర్ట్‌వర్క్. కంప్యూటర్లు రాకముందు ఫైనల్‌ను సాధారణంగా స్టాంపు సైజుకు నాలుగు నుంచి ఆరు రెట్లు పెద్దగా, మందపాటి బోర్డు మీద పోస్టర్ కలర్‌తోనో వాటర్ కలర్‌తోనో వేసేవారు. అక్షరాలు, విలువ అంకెలు చాలాసార్లు బొమ్మ మీద ఉండవు, పైన కప్పిన ట్రేసింగ్ పేపర్ మీదో పారదర్శకమైన షీటు మీదో ఉంటాయి. పోస్టేజి రేటు మారితే బొమ్మ మళ్లీ వేయనక్కర్లేకుండా ఈ ఏర్పాటు. విలువ చోట ఉత్త సున్నాలు వేసి ఉన్నా, ఖాళీ వదిలేసినా కంగారు పడకండి. అది లోపం కాదు, పైగా మంచి సూచనే.

ఆ తర్వాత బొమ్మను స్టాంపు సైజుకు కుదించి ఫొటో తీసి చూస్తారు. పెద్ద బోర్డు మీద బ్రహ్మాండంగా ఉన్న బొమ్మ స్టాంపు సైజులో ముద్దగా కనిపించవచ్చు. అలా వెనక్కి వచ్చి మార్పులు చేసిన స్కెచ్ దొరికితే వదలకండి. ప్రతిపాదించినా ఆమోదం పొందని డిజైన్‌ను మనవాళ్లు ఎస్సే అంటారు. అచ్చు పలక నుంచి పరీక్ష కోసం తీసింది ప్రూఫ్. ఎస్సే, ప్రూఫ్ రెండూ ఆర్ట్‌వర్క్‌కు దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. అమ్మేవాళ్లు తెలిసో తెలియకో మూడింటినీ ఒకే పేరుతో పిలుస్తుంటారు.

ఈ దశలు ఎలా నడుస్తాయో చూడాలంటే ప్రపంచంలో తొలి స్టాంపు పెన్నీ బ్లాక్ చరిత్ర చదవండి. 1839లో బ్రిటన్ ట్రెజరీ పెట్టిన పోటీకి దాదాపు 2,600 ప్రతిపాదనలు వచ్చినా దేన్నీ యథాతథంగా వాడలేదు. చివరికి విలియం వయాన్ చేసిన పతకం మీది విక్టోరియా రాణి తలను చూసి హెన్రీ కార్బోల్డ్ బొమ్మ గీశాడు. దాన్ని చార్లెస్ హీత్, ఫ్రెడరిక్ హీత్ అనే తండ్రీకొడుకులు ఉక్కు మీద చెక్కారు. 1840లో స్టాంపు వచ్చింది. పతకం, డ్రాయింగ్, చెక్కడం: ఒక స్టాంపు వెనక మూడు రకాల చేతిపని. 1967లో మొదలైన బ్రిటన్ మేచిన్ స్టాంపులకైతే మూలం డ్రాయింగ్ కాదు, ఆర్నాల్డ్ మేచిన్ చేసిన ప్లాస్టర్ శిల్పం. కాబట్టి ఒరిజినల్ అంటే ప్రతిసారీ కాగితమే అయ్యుండాలని లేదు.

మన దగ్గర 1952 గుర్తుపెట్టుకోవలసిన ఏడాది. ఆ ఏడాది అక్టోబరు 1న విడుదలైన కబీర్, తులసీదాస్, మీరా, సూర్‌దాస్, గాలిబ్, టాగూర్ స్టాంపులు నాసిక్‌లో ఫొటోగ్రావ్యూర్ పద్ధతిలో, అంటే బొమ్మను ఫొటో ద్వారా అచ్చు పలక మీదికి ఎక్కించే తీరులో అచ్చయ్యాయి. ఆ పద్ధతి వచ్చాక ఫొటోలూ, నీడలు పలికే వాష్ డ్రాయింగులూ స్టాంపుల్లోకి తేలిగ్గా వచ్చాయి. ఏ కాలపు బొమ్మ ఏ తీరులో ఉండాలో అంచనా వేయడానికి ఇది పనికొస్తుంది.

రెండో అడుగు: మీ పరిధి గీసుకోవడం

అన్నీ సేకరిస్తానంటే కుదరదు. హైదరాబాద్ వాళ్లకు నాకు తోచిన దారులు ఇవి.

నిజాం రాజ్యపు స్టాంపులు మొదటి ఆకర్షణ. 1869లో మొదలై, దేశంలో కలిసిన తర్వాత 1950 దాకా నడిచాయి. 1931 సెట్టు చూడండి: అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదర్ మదర్సా, రూపాయి మీద దౌలతాబాద్ మినార్. 1937 రజతోత్సవ సెట్టులో ఉస్మానియా ఆసుపత్రి, యూనివర్సిటీ, జూబ్లీ హాలు ఉన్నాయి. 1940ల చివర్లో వరంగల్ కోట కాకతీయ తోరణం, గోల్కొండ కోట వచ్చాయి. వీటి చేతి డ్రాయింగులు బజారులో కనిపించడం చాలా అరుదు. ఈ దారి పట్టేవాళ్లు ప్రూఫులు, కలర్ ట్రయల్స్‌తో (రంగు ఎంచుకోవడానికి వేర్వేరు రంగుల్లో తీసిన అచ్చులు) మొదలుపెట్టి, డ్రాయింగ్ కోసం ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి.

రెండో దారి స్వతంత్ర భారత స్టాంపుల్లో తెలుగు విషయాలు. 1975లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకు ఒక స్టాంపు వచ్చింది. అల్లూరి సీతారామరాజుకు 1986లో, పింగళి వెంకయ్యకు 2009లో వచ్చాయి. ఒక్కో స్టాంపు వెనక స్కెచ్‌లు, ఫొటోలు, ఉత్తరాలు ఎక్కడో ఒకచోట ఉండి ఉంటాయి.

మూడో దారి, కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పేది: స్పెషల్ కవర్లు (ఒక సందర్భం కోసం తపాలాశాఖ విడుదల చేసే బొమ్మ కవర్లు), స్పెషల్ క్యాన్సిలేషన్ల (వాటి స్టాంపు మీద కొట్టే ప్రత్యేక ముద్రల) ఆర్ట్‌వర్క్. స్టాంపు డిజైన్ ఢిల్లీ స్థాయిలో తేలుతుంది. స్పెషల్ కవర్లు మాత్రం ఇక్కడి తపాలా సర్కిల్ (రాష్ట్ర స్థాయి విభాగం) నుంచే వస్తాయి. ఒక కాలేజీకి వందేళ్లయినా, ఒక చేనేతకు గుర్తింపు వచ్చినా కవరు విడుదల చేస్తారు. ఆ బొమ్మ గీసింది చాలాసార్లు ఊళ్లో ఉన్న ఆర్టిస్టే. స్కెచ్‌లు ఆయన ఇంట్లోనే ఉంటాయి. ధర అందుబాటులో ఉంటుంది, అడిగి తెలుసుకోవడానికి మనిషి ఎదురుగా ఉంటాడు.

నా దగ్గర అలాంటి షీటు ఒకటుంది. అడుగున పెన్సిల్‌తో ఒక కమాను, పక్కన అదే కమాను చిన్న గడిలో మూడు రకాలుగా. మూడోదాని చుట్టూ ఎర్ర పెన్సిల్ సున్నా. కుడివైపు పై మూల ఒక చతురస్రం గీసి, లోపల "స్టాంపు, ముద్ర ఇక్కడ. బొమ్మ రాకూడదు" అని రాసి ఉంది. కమాను కొస ఆ చతురస్రంలోకి వెళ్లినట్టుంది, దాన్ని రబ్బరుతో చెరిపి ఎడమకు జరిపిన జాడ ఏటవాలు వెలుతురులో కనిపిస్తుంది. అచ్చయిన కవరు మీద కమాను సరిగ్గా ఆ ఎడమకు జరిగిన చోటే ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరికీ ఇంకేం చెప్పక్కర్లేదు.

మూడో అడుగు: బ్రోషర్ చదవడం

స్టాంపుతో పాటు తపాలాశాఖ ఇచ్చే బ్రోషర్‌ను చాలామంది పక్కన పడేస్తారు. మనకు మాత్రం దారి చూపేది అదే. స్టాంపు, ఫస్ట్ డే కవర్, క్యాన్సిలేషన్ ఎవరెవరు డిజైన్ చేశారో అందులో ఉంటుంది. ఎక్కడ అచ్చయిందో కూడా ఉంటుంది. నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్ పేరు ఎంత తరచుగా కనిపిస్తుందో, మన హైదరాబాద్‌లోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ పేరూ ఇటీవలి స్టాంపుల్లో అంతే తరచుగా కనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన లైను ఉంటుంది: సమాచారం ఇచ్చినవారు, అంటే స్టాంపు కావాలని ప్రతిపాదించిన సంస్థ. కొందరు ప్రతిపాదకులు తమ ఫొటోలు, పెయింటింగులు ఇస్తారు, కొందరు సొంతంగా ఆర్టిస్టును పెట్టి స్కెచ్‌లు వేయించి పంపుతారు. ఆ స్కెచ్‌ల కాపీలు, ఒక్కోసారి ఒరిజినల్సే, ట్రస్టు ఆఫీసు ఫైల్లో మూలుగుతుంటాయి. ఆర్టిస్టు దొరక్కపోతే ప్రతిపాదకుణ్ని వెతకండి.

పాత స్టాంపులకు మంచి క్యాటలాగ్‌లలో డిజైనర్ పేరు ఉంటుంది. ఉదాహరణకు 1956 బుద్ధ జయంతి స్టాంపుల్లో రెండణాలది సి.ఆర్. పక్రాశీ డిజైన్, పద్నాలుగణాలది ఆర్. డిసిల్వాది. ఇలా మీ పరిధిలోని ప్రతి స్టాంపుకూ ఒక నోట్‌బుక్ పేజీ కేటాయించి డిజైనర్, ప్రెస్, అచ్చు పద్ధతి, ప్రతిపాదకుడు రాసుకోండి. కొనడం తర్వాత సంగతి.

నాలుగో అడుగు: వెతకడం, అడగడం

అబిడ్స్ జీపీవోలోని ఫిలాటెలిక్ బ్యూరోతో (స్టాంపుల సేకరణదారుల కౌంటర్) మొదలుపెట్టండి. అక్కడ ఆర్ట్‌వర్క్ అమ్మరు. కానీ కొత్త స్పెషల్ కవర్లు, వాటి విడుదల వివరాలు తెలుస్తాయి. విడుదల సభలకు వెళ్లండి. గీసిన ఆర్టిస్టు చాలాసార్లు ముందు వరుసలోనో, వెనక నిలబడో ఉంటాడు. పరిచయానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఒక కన్నేసి ఉంచండి. స్కెచ్‌లు దొరుకుతాయని ఆశ పెట్టను గానీ, పాత క్యాటలాగ్‌లు, ఎగ్జిబిషన్ సావనీర్లు దొరుకుతాయి, వాటిలో ఆర్టిస్టుల పేర్లు ఉంటాయి. నిజాం కాలం మీద పనిచేసేవాళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో తపాలా రికార్డులు చూడటానికి దరఖాస్తు పెట్టుకోవాలి. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అధ్యాపకులకు తమ గురువుల్లో, తోటివారిలో ఎవరు ఇలాంటి పనులు చేశారో తెలిసుండే అవకాశం ఉంది. ఢిల్లీ వెళ్లినప్పుడు డాక్ భవన్‌లోని నేషనల్ ఫిలాటెలిక్ మ్యూజియం తప్పకుండా చూడండి. అసలైనది ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే నకిలీ దానంతటదే తేడాగా కనిపిస్తుంది.

ఆర్టిస్టును కలిసినప్పుడు మొదటి రోజే కొంటానని అనకండి. "సార్, మీరు గీసిన కవరు నా దగ్గరుంది. దీనికి ముందు వేసిన స్కెచ్‌లు ఉంటే ఒకసారి చూడనిస్తారా?" అని అడిగితే చాలు. చాలామందిని ఆ పని గురించి అడిగినవాళ్లే ఉండరు. ఆయన చెబుతుండగా, అనుమతి తీసుకుని, రికార్డు చేసుకోండి. ఏ బోర్డు వాడారు, ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది, ఎవరు ఏ మార్పు చెప్పారు... రేపు ఆ స్కెచ్‌కు ఈ మాటలే ఆధారం.

ఆర్టిస్టు పోయిన ఇంటికి వెళ్తే ఇంకా జాగ్రత్తగా మసలుకోవాలి. ఆ ఇంటి అమ్మగారికి అవి భర్త చేతి రాతలు. "అమ్మా, ఇవి మీ దగ్గరే ఉంచండి, ముందు ఫొటోలు తీసుకుంటాను, ఏది ఏ స్టాంపుదో రాసిస్తాను" అని చెప్పండి. ఏది విలువైనదో వాళ్లకు స్పష్టంగా చెప్పకుండా తక్కువకు కొట్టేయడం తప్పు. పిల్లలందరి ఒప్పుదలా ఉందో లేదో కూడా తెలుసుకోండి.

ఐదో అడుగు: నిజమైనదా కాదా

ఇక్కడ తొందరపడితే డబ్బు పోతుంది. ముందు 10 రెట్లు పెద్దగా చూపించే లూప్ (చిన్న భూతద్దం) కొనుక్కోండి. చేత్తో వేసిన రంగులో కుంచె వెంట్రుకల గీతలు, రంగు గట్టిపడిన అంచులు, కింద పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. అచ్చు ప్రతిలో వరుసగా చుక్కలు కనిపిస్తాయి, ఇంక్‌జెట్ అయితే చెల్లాచెదురైన సన్నటి తుంపర. ప్రింటు మీద అక్కడక్కడ కుంచెతో రంగు అద్ది ఒరిజినల్ అని అమ్మేవాళ్లున్నారు. అందుకే ఒక్క మూల చూసి వదలకుండా ముఖం, అక్షరాలు, అంచులు అన్నీ చూడండి.

తర్వాత యూవీ టార్చి. 1950ల తర్వాత కాగితంలో మెరుపు కోసం కలిపే రసాయనాలు మామూలైపోయాయి. అవి యూవీ కింద నీలంగా వెలుగుతాయి. 1931 స్కెచ్ అని చెప్పిన కాగితం ట్యూబులైటులా వెలిగిందంటే మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయండి. వెలగకపోతే మాత్రం అసలైనదని రుజువైనట్టు కాదు, పాత పుస్తకాల ఖాళీ పేజీల మీద గీసే మోసం ఉంది.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా పదునైన పరీక్ష: స్టాంపుతో పోల్చడం. చూసి కాపీ కొట్టినవాడి బొమ్మ స్టాంపుతో గీతగీతకూ సరిపోతుంది, సరిగ్గా స్టాంపు అంచు దగ్గరే ఆగిపోతుంది. అసలు ఆర్ట్‌వర్క్ సాధారణంగా అంచు దాటి కాస్త బయటికి ఉంటుంది, మూలల్లో కత్తిరింపు గుర్తులు ఉంటాయి. తొలి స్కెచ్ అయితే స్టాంపుతో ఎక్కడో ఒకచోట తేడా ఉండాలి, ఎందుకంటే నిర్ణయం అప్పటికి పూర్తి కాలేదు. తేడా ఏమీ లేని తొలి స్కెచ్‌ను అనుమానించండి.

విలువ రాసిన తీరు కాలాన్ని పట్టిస్తుంది. 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. 1964 నుంచి "నయా" పోయింది. ఇప్పుడు వాడే రూపాయి గుర్తును 2010లో ఆమోదించారు. 1990ల స్కెచ్ మీద ఆ గుర్తు కనిపిస్తే కథ అక్కడితో ముగిసింది. నిజాం స్టాంపుల మీద విలువ ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగులోనూ ఉన్నవి ఉన్నాయి. ఆ తెలుగు అక్షరాల పాత మలుపు మనకు తెలిసినంతగా విదేశీ డీలరుకు తెలియదు. ఈ విషయంలో మనది పైచేయి.

చివరగా వెనక్కి తిప్పి చూడండి. ఫైలు నంబరు, సంతకం, ఆఫీసు ముద్ర, "మార్చాలి" అన్న గుర్తులు, గమ్ మరకలు ఇవన్నీ సాక్ష్యాలే. ఫ్రేము కట్టి ఉంటే ఫ్రేము విప్పనిదే డబ్బు ఇవ్వకండి.

కంప్యూటర్ కాలం గురించి ఒక మాట. ఇప్పటి డిజైన్లు చాలావరకు స్క్రీన్ మీదే పుడుతున్నాయి. వాటి ప్రింటవుట్ ఎన్నిసార్లయినా తీయొచ్చు, దాన్ని ఒరిజినల్ ధరకు కొనొద్దు. ఆర్టిస్టు చేతి రాతతో దిద్దుబాట్లు ఉన్న ప్రింటవుట్, లేదా స్క్రీన్ ముందు పెన్సిల్‌తో గీసుకున్న స్కెచ్ అయితే తీసుకోవచ్చు.

ఆరో అడుగు: కాగితాలు, చట్టం

కొన్నప్పుడు ఒక్క పేజీ రాయించుకోండి: ఏ స్టాంపు లేదా కవరు కోసం, ఏ దశ, ఎప్పుడు గీసింది, ఇన్నాళ్లూ ఎవరి దగ్గర ఉంది, తేదీ, సంతకం. బొమ్మ పక్కన ఆర్టిస్టు ఉన్న ఫొటో తీయగలిగితే ఇంకా మంచిది.

సెక్యూరిటీ ప్రెస్ నుంచి బయటికి వచ్చిన డైలు (బొమ్మ చెక్కిన లోహపు దిమ్మలు), ప్లేట్లు, ప్రూఫులు, ఆఫీసు ఫైల్లోంచి ఊడదీసిన ఆర్ట్‌వర్క్ ఎవరైనా చూపిస్తే ముందు అది బయటికి ఎలా వచ్చిందని అడగండి. శాఖకు సమర్పించిన డిజైన్ సాధారణంగా శాఖ ఆస్తే. ఆర్టిస్టు తన దగ్గర ఉంచుకున్న రఫ్‌లు, ఎంపిక కానివి వేరు. విదేశాల్లో కొన్ని కంపెనీలు తమ ఆర్కైవ్‌ను బహిరంగంగా అమ్మాయి. స్టాంపులు కూడా అచ్చు వేసిన అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ ఆర్కైవ్‌ను 1990లో క్రిస్టీస్ వేలం వేసింది. అలాంటి లాట్లకు రికార్డు ఉంటుంది. "లోపల తెలిసినవాళ్లున్నారు" అని గుసగుసగా చెప్పి అమ్మేదానికి ఉండదు. దాన్ని వదిలేయండి.

బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైట్ మీది కాదు. పోస్టర్లుగా, క్యాలెండర్‌గా అచ్చు వేయాలంటే హక్కుదారు అనుమతి కావాలి. కాపీరైట్ చట్టం 53ఏ సెక్షన్ ప్రకారం, మొదట్లో హక్కులు ఆర్టిస్టువే అయితే, పది వేల రూపాయలు దాటి తిరిగి అమ్మినప్పుడు ఆయనకో వారసులకో వాటా అడిగే హక్కుంది. వందేళ్లు దాటిన డ్రాయింగైతే 1972 పురావస్తు చట్టం వర్తించవచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం కుదరదు.

విదేశీ వేలంలో పాడేటప్పుడు సుత్తి ధర (పాట ఆగిన ధర) మీద కొనుగోలుదారు కమిషన్, పోస్టేజి, కస్టమ్స్ కలుపుకుని మీ పరిమితి ముందే రాసుకోండి. చేత్తో గీసిన డ్రాయింగులు కస్టమ్స్ జాబితాలో 9701 కింద, స్టాంపులు 9704 కింద వస్తాయి. పార్శిల్ మీద అమ్మినవాళ్లు ఏం రాస్తారో ముందే మాట్లాడుకోండి.

ఏడో అడుగు: హైదరాబాద్ వాతావరణంలో కాపాడటం

మన ఎండాకాలం బోర్డును వంకర తిప్పుతుంది, వానాకాలం బూజు పట్టిస్తుంది. బయటి గోడకు ఆనించిన బీరువాలో, అటక మీద పెట్టకండి. ఇంటి మధ్య గదిలో, నేలకు ఎత్తుగా, పడుకోబెట్టి ఉంచండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టుకోండి, వానాకాలం సిలికా జెల్ మార్చుతూ ఉండండి.

పీవీసీ ఫోల్డర్లు వద్దు, వాటిలోంచి వచ్చే రసాయనం రంగును పీల్చేస్తుంది. ఆమ్లం లేని కాగితం, పాలియెస్టర్ కవర్లు వాడండి. మెత్తటి పెన్సిల్, చార్‌కోల్, పొట్టు రాలుతున్న పోస్టర్ కలర్ ఉన్నవాటిని మాత్రం పాలియెస్టర్‌లో పెట్టకూడదు. దాని స్టాటిక్‌కు పొడి లేచిపోతుంది. వాటికి విండో మౌంట్ (బొమ్మకు ఏదీ తగలకుండా చుట్టూ ఉండే మందపాటి బోర్డు చట్రం) చేయించి ఆమ్లం లేని పెట్టెలో పెట్టండి.

పాత సెల్లో టేపు కనిపిస్తే గోరుతో పీకకండి. రుద్ది అతికించే అక్షరాలు ఎండి రాలిపోతుంటే ఫెవికాల్ పెట్టకండి, ఆ షీటును కదపకుండా ఫొటో తీసి కాగితాల సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించండి. లామినేషన్ చేయించడమంటే చేజేతులా పాడుచేసుకోవడమే. అక్షరాలు, అంకెలు ఉన్న పై షీటును (ఓవర్‌లే) బొమ్మ నుంచి వేరు చేసి దాచొద్దు. మధ్యలో ఆమ్లం లేని పల్చటి కాగితం పెట్టి రెండూ కలిపే ఉంచండి. గోడకు వేలాడదీయాలనిపిస్తే మంచి కాపీ తీయించి దాన్ని వేలాడదీయండి.

ఎనిమిదో అడుగు: ప్రదర్శనలో పెట్టడం

పోటీ ప్రదర్శనల్లో స్కెచ్‌లు, ఎస్సేలు, ప్రూఫులు చూపించవచ్చు, జ్యూరీ వాటికి మంచి విలువ ఇస్తుంది. స్కెచ్, దిద్దుబాటు, ఫైనల్, స్టాంపు ఒకే పేజీలో వరుసగా పెట్టి, ఏం మారిందో ఒక్క లైనులో రాయండి. బొమ్మ పేజీలో పట్టకపోతే, లేదా తీసుకెళ్లడానికి భయమైతే కాపీ పెట్టవచ్చు. అంతర్జాతీయ నియమం ప్రకారం ఆ కాపీ అసలు సైజుకు కనీసం 25 శాతం తేడాతో ఉండాలి, కాపీ అని పేజీ మీద రాయాలి.

ప్రదర్శనకు పంపే ముందు ప్రతి షీటుకూ ముందు, వెనక ఫొటో, కొలతలు, రాయించుకున్న పేజీ స్కాన్ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, దాని కాపీ ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. బీరువాలో ఏ పెట్టెలో ఏముందో వాళ్లకూ తెలిసేలా పెట్టె మూత లోపలివైపు ఒక జాబితా అతికించండి, అది కూడా ఆమ్లం లేని కాగితం మీదే.